బిడ్డను చూసి గర్వపడడం కూడా తప్పేనా?

ప్రశ్న: మాది తిరుపతి. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయినాను. నా సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే డిగ్రీ చదువుతా ఎన్‌సీసీలో చేరింది. పొద్దున పరేడ్ ఉన్న రోజు నేనే చీకటితో లేచి బండి మీద దింపి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ బిడ్డ ఆర్మీలో లెఫ్టినెంట్. చెన్నైలో ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఓటీఏలో పరేడ్ అయినాక నేనూ మా ఆవిడా చెరొక భుజానికి స్టార్లు పెట్టినాము. ఆ రోజు నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించినాను. వాట్సాప్‌లో ఆమె యూనిఫాం ఫోటోనే డీపీగా పెట్టుకున్నాను. మొన్న కొత్త పోస్టింగ్ వచ్చిందని చెప్తే సంతోషం పట్టలేక ఆ ఊరి పేరు, యూనిట్ పేరు రాసి స్టేటస్ పెట్టినాను. గంట తిరక్కముందే ఫోన్ చేసి కోప్పడింది. "మీకు చెప్పడమే నాది తప్పు నాన్నా" అనింది. అప్పటి నుంచి ముక్తసరిగా మాట్లాడతా ఉంది.

ఇంకో పక్క బంధువుల గోల. మా వాడికి అగ్నివీర్‌లో ఒక మాట చెప్పించు అని ఒకరు, కేంటీన్‌లో సీసాలు తెప్పించు అని ఇంకొకరు. పెళ్లి సంబంధాలు కూడా వస్తా ఉండాయి. నేను చదివిన హైస్కూల్ వాళ్లు రిపబ్లిక్ డేకి వచ్చి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఒప్పుకోవాలంటే ఇప్పుడు భయంగా ఉంది. రాత్రి టీవీలో బార్డర్ వార్తలు చూసి మా ఆవిడ నిద్రపోదు. నాకూ లోపల టెన్షనే గానీ బయటికి చెప్పుకోలేను. బిడ్డను చూసి గర్వపడడం కూడా తప్పేనా? నేనేం చేయాల?

సమాధానం:

అన్నా, ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు. తప్పు కాదు. మీరు గర్వపడకపోతే ఇంకెవరు పడతారు? ఓటీఏలో 49 వారాల శిక్షణ పూర్తి చేయడం ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా చిన్న విషయం కాదు. అంతకు ముందు ఆఫీసర్లను ఎంపిక చేసే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని ఇంటికి పంపేస్తారు. దాన్ని దాటిన పిల్ల మీ ఇంట్లో పెరిగింది. చీకట్లో లేచి బండి తీసిన తండ్రికి ఆ స్టార్లలో వాటా ఉంది. సైన్యం కూడా ఆ సంగతి ఒప్పుకుంటుంది కాబట్టే, పరేడ్ తర్వాత స్టార్లు పెట్టే పని తల్లిదండ్రుల చేతికి ఇస్తుంది.

మీ ఉత్తరంలో మీరు రాసిన ఊరి పేరు, యూనిట్ పేరు ఇక్కడ తీసేశాను. ఎందుకో మీకిప్పటికే కొంత అర్థమై ఉంటుంది. మీ అమ్మాయి కోప్పడింది ఆ స్టేటస్ చూసి. మీ సంతోషం మీద ఆమెకు కోపం ఉందని నేను అనుకోవడం లేదు. ఆ రెండిటినీ కలిపేసుకుని మీరు బాధపడుతున్నారు.

ఆఫీసరు పేరు, ముఖం, యూనిట్, ఊరు నాలుగూ ఒకే చోట దొరికితే అది సమాచారం అయిపోతుంది. నా వాట్సాప్ చూసేది నలుగురు చుట్టాలే కదా అని మీకనిపించవచ్చు. ఆ నలుగురిలో ఒకరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కులం గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో శుభాకాంక్షలు అంటూ వేస్తారు. అక్కడి నుంచి అది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. మన రాష్ట్రంలోనే బయటపడిన ఒక కేసులో 2019 డిసెంబరులో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయం పెంచుకున్న వాళ్లకు నౌకల కదలికల సమాచారం ఇచ్చారన్నది వాళ్ల మీద అభియోగం. ఆ మరుసటి ఏడాది జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని సైన్యం తన వాళ్లందరినీ ఆదేశించింది. అలాంటి చోట మీ అమ్మాయి పనిచేస్తోంది. తను జాగ్రత్తగా ఉండి, ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి విషయం బయటికి వస్తే పైఅధికారికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది తనే.

యూనిఫాం ఫోటోలతో ఇంకో బెడద కూడా ఉంది. ఆర్మీవాళ్లమని చెప్పి సెకండ్ హ్యాండ్ బండి అమ్ముతామని, ఇల్లు అద్దెకు కావాలని ఫోన్లు చేసి డబ్బు గుంజే ముఠాల సంగతి మీరు వినే ఉంటారు. నమ్మించడానికి వాళ్లు వాడేది నిజమైన సైనికుల ఫోటోలు, గుర్తింపు కార్డులే. మీ డీపీలో ఉన్న బిడ్డ ముఖం రేపు ఎవరో మోసగాడి డీపీ కావచ్చు.

భద్రత సంగతి అలా ఉంచితే, ఆమె కోపంలో మరో కారణం కూడా ఉందనుకుంటున్నాను. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ కింద పనిచేసే వాళ్లలో ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న హవల్దార్లు, సుబేదార్లు ఉంటారు. వయసులో ఆమెకు చిన్నాన్నలంత వాళ్లు. వాళ్లు ఈ అమ్మాయిని గమనిస్తూ ఉంటారు. చలిలో తమతో నిలబడుతుందా, తమ మాట వింటుందా, తప్పు జరిగితే తన మీద వేసుకుంటుందా అని చూస్తారు. ఆ నమ్మకం స్టార్లతో పాటు రాదు, రోజూ సంపాదించుకోవాలి. మంచి జరిగితే పేరు యూనిట్‌కి పోవాలన్నది వాళ్ల పద్ధతి. అలాంటి చోట "మా మేడమ్ బొమ్మతో వాళ్ల ఊళ్లో ఫ్లెక్సీ కట్టారంట" అనే మాట ఆమె చెవిన పడితే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఇంకా ఏమీ చేయకముందే సన్మానం జరిగిపోయినట్టు ఉంటుంది. సిగ్గుతో అరిచి ఉంటుంది అన్నా. పిల్లలు సిగ్గుపడినప్పుడు కోపంగానే మాట్లాడతారు.

అందుకని మీకొక హద్దు చెప్తాను. మీరు స్టార్లు పెట్టిన క్షణం దాకా జరిగిందంతా మీ ముగ్గురి కథ. చీకటి పరేడ్లు, మొదటిసారి ఎస్‌ఎస్‌బీకి రైలెక్కించిన రోజు, ఒకవేళ ఒకసారి రాకపోతే ఆ ఏడుపు, చెన్నైలో పరేడ్ చూసి మీ ఆవిడ కళ్లు తుడుచుకోవడం, ఇవన్నీ ఎవరికైనా ఎన్నిసార్లయినా చెప్పుకోండి. ఆ తర్వాతి కథ ఆమెది, ఆమె యూనిట్‌ది. ఎక్కడుంది, ఏం చేస్తోంది, ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్న నాలుగూ ఇంటి గడప దాటకూడదు. ఎవరైనా అడిగితే "ఆర్మీలో ఉంది, బాగుంది" అంటే చాలు. ఎక్కడ అని రెట్టించి అడిగితే "ఆ సంగతి మేము చెప్పకూడదు" అని నిదానంగా అనండి. ఆ మాట అనడంలో కూడా ఒక గర్వం ఉంది, అలవాటయ్యాక మీకే తెలుస్తుంది.

స్టేటస్ ఎలాగూ ఇరవై నాలుగు గంటల్లో పోయి ఉంటుంది. దాన్ని ఇంకెవరైనా గ్రూపుల్లో వేసి ఉంటే ఫోన్ చేసి తీసేయమనండి. డీపీకి ఆమె పట్టు పరికిణీ వేసుకున్న చిన్నప్పటి ఫోటో పెట్టుకోండి. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయేదాకా ఆగొద్దు, ఇవాళే విప్పించండి. స్టార్లు పెట్టిన ఫోటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకోండి. ఇంటికి వచ్చినవాళ్లు చూస్తారు, దానికేం ఇబ్బంది లేదు. తర్వాత ఆమెకు ఫోన్ చేసి "అన్నీ తీసేసినానమ్మా, ఇంకెప్పుడూ పెట్టను" అని అంతటితో ఆపండి. "అయినా నేను సంతోషంతోనే కదా" అని మొదలుపెట్టారంటే మళ్లీ మొదటికి వస్తుంది.

బంధువుల సంగతికి వద్దాం. అగ్నివీర్ ఎంపిక ఆన్‌లైన్ రాత పరీక్షతో మొదలై, 1.6 కిలోమీటర్ల పరుగు, శారీరక పరీక్షలు, మెడికల్, చివరికి మెరిట్ జాబితాతో ముగుస్తుంది. ఎక్కడో పనిచేసే లెఫ్టినెంట్ ఫోన్‌కి అందులో చోటు లేదు. అలాంటి ఫోన్ చేస్తే ఆమె ఉద్యోగానికే ముప్పు. అడిగిన వాళ్లతో "మీ వాణ్ణి రేపటి నుంచి పరుగు మొదలుపెట్టమను" అని చెప్పండి. డబ్బిస్తే పని చేయిస్తానని ఎవడైనా ఆ కుటుంబం దగ్గరికి వస్తే వాడు దొంగ అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాట వాళ్లకు మీరు చేయగల పెద్ద సాయం. కేంటీన్ సరుకు సైనికులకు, మాజీ సైనికులకు, వాళ్ల మీద ఆధారపడిన వాళ్లకు ఇచ్చే సదుపాయం. బయటివాళ్లకు తీసి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. మొదటిసారే "కుదరదు" అనేయండి. ఒక్కరికి ఒక్కసారి ఇచ్చారంటే మిగతావాళ్లకు ఇవ్వనందుకు మీరు చెడ్డవాళ్లవుతారు. ఆమె పేరు చెప్పి మీరు ఏదీ అడగకుండా, ఎవరికీ ఏదీ ఇప్పించకుండా ఉంటే ఆమెకు అక్కడ తలెత్తుకు తిరగడం సులువవుతుంది.

పెళ్లి గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే అది ఆమె చెప్పాల్సిన మాట. ఓటీఏ నుంచి వచ్చేవాళ్లకు ఇచ్చే షార్ట్ సర్వీస్ కమిషన్ అంటే పదేళ్ల ఉద్యోగం, ఆపైన కోరుకుంటే ఇంకో నాలుగేళ్లు పొడిగింపు ఉంటుంది. మహిళా అధికారులకూ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం, ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది కాబట్టి ఆ దారి కూడా తెరిచే ఉంది. రెండు మూడేళ్లకొకసారి ఊరు మారుతుంది. కొన్ని పోస్టింగులకు కుటుంబాన్ని తీసుకుపోవడానికే లేదు. ఇవన్నీ తెలిసి, ఒప్పుకుని వచ్చే సంబంధమైతే ఆమెకు చెప్పండి. "పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తుందా?" అని అడిగే సంబంధాన్ని గడప దగ్గరే పంపించేయండి. ఆమె దాకా తీసుకుపోనే వద్దు.

ఇక మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన భయం గురించి. నాకు మీ ఉత్తరమంతటిలో బరువైన వాక్యం అదే అనిపించింది.

ఏమీ కాదులే అని నేను చెప్పను. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఆ బాధ తెలుసు. ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి 2020 నవంబరులో కశ్మీర్‌లోని మాచిల్ సెక్టార్‌లో ప్రాణాలిచ్చాడు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలిపోయినప్పుడు అందులో కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. ఆ ఊళ్లలో జనం రోడ్ల పొడుగునా నిలబడి ఏడ్చారు. మీ భయం ఊరికే పుట్టింది కాదు. మీరు పిరికివాళ్లని కూడా దానికి అర్థం కాదు. గర్వం ఉన్న ఇంట్లోనే భయమూ ఉంటుంది. గర్వాన్ని ఫ్లెక్సీ కట్టి చూపించారు, భయాన్ని మాత్రం మీ ఆవిడకు కూడా చూపించకుండా దాచుకున్నారు.

ఇన్నేళ్లు ఘాట్ మీద బస్సు నడిపారు కదా. వాన పడి, మంచు కమ్మి, కొండ మీద నుంచి రాళ్లు జారే రోజుల్లో మీరు రావడం ఆలస్యమైతే మీ ఆవిడ గుమ్మంలో నిలబడే ఉంటుంది. మలుపులో స్టీరింగ్ పట్టుకుని ఉండగా ఇంటి నుంచి ఫోన్ మోగితే ఎత్తేవారా? ఎత్తరు. వెనకాల సీట్లలో ఉన్న అందరి ప్రాణం మీ చేతుల్లో ఉంది కాబట్టి. ఇంటి మీద ప్రేమ లేక కాదు కదా. మీ అమ్మాయి రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే ఆ మలుపు గుర్తు తెచ్చుకోండి. ఇన్నేళ్లు మీ ఆవిడ ఒక్కతే మోసిన ఎదురుచూపు ఇప్పుడు మీకూ వచ్చింది. ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది, అడగండి. రాత్రి పక్కన కూర్చుని "నాకూ భయంగానే ఉందే" అని ఒక్కసారి పైకి అనండి. ఇద్దరూ వేరువేరుగా మేలుకుని ఉండడం కంటే కలిసి మేలుకుని ఉండడం నయం.

రాత్రి టీవీ మాత్రం కట్టేయండి. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో కొన్ని ఛానళ్లు జరగనివి కూడా జరిగినట్టు ఎలా చెప్పాయో మనమంతా చూశాం. దానికి కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 26న, సైనిక చర్యలను, బలగాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్లకు చెప్పింది కూడా. ఎర్రటి అక్షరాలు, సైరన్ మోతలు చూసి మీ బిడ్డ క్షేమం తెలుసుకోలేరు. ఏదైనా జరిగితే ముందు ఇంటివాళ్లకు చెప్పి తర్వాతే పేర్లు బయటపెట్టడం సైన్యం పద్ధతి. పొద్దున ఒకసారి పేపర్ చదవండి, చాలు.

ఆమె ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడాలో కూడా చెప్తాను, ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు తడబడతారు. ఎక్కడున్నావు, అక్కడ పరిస్థితి ఎట్లుంది, ఎప్పుడొస్తావు అని అడగొద్దు. మొదటి రెండిటికీ ఆమె జవాబు చెప్పకూడదు, మూడోది ఆమెకే తెలియదు. అడిగిన ప్రతిసారీ ఆమె అబద్ధమో మౌనమో ఎంచుకోవాలి. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. ఆ తర్వాత మీరే మాట్లాడండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈసారి ఎవరు ఏ వేషం కట్టారు, ఎదురింటి వాళ్ల అబ్బాయి పెళ్లిలో ఎవరు అలిగారు, ఈ ఏడు మామిడికాయ ధర ఎంత పలికింది, ఇవి చెప్పండి. దూరంగా ఉన్న పిల్లలు ఇంటి కబుర్ల కోసం ఎంత ఆకలిగా ఉంటారో మనకు తెలియదు. మీ భయాన్ని మాత్రం ఫోన్‌లో ఆమె మీద పెట్టకండి. "అమ్మ నీ కోసం ఏడుస్తోంది" అన్న మాట విని ఆమె డ్యూటీకి వెళ్లాల్సి ఉంటుంది.

ఉత్తరాలు రాయండి. ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకు సైన్యం సొంత పోస్టాఫీసులు ఉన్నాయి. ఆమె ఇచ్చిన అడ్రసులో 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది, ఊరి పేరు ఉండదు. మామూలు పోస్టాఫీసులోనే ఇవ్వవచ్చు. కానీ మీరు ప్రేమ కొద్దీ కవరు మీద ఊరి పేరు కలపవద్దు. పార్శిల్ పంపేటట్టయితే నూనె కారే ఊరగాయ కంటే నిప్పట్లు, చెనక్కాయల ఉండలు, మామిడి తాండ్ర మేలు. ఆమె ఒక్కదానికి సరిపడా పంపొద్దు. అక్కడ డబ్బా తెరిస్తే చుట్టూ చేతులుంటాయి.

ఆఫీసర్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి. అవి ఒకేసారి దొరుకుతాయనీ, అనుకున్నప్పుడే దొరుకుతాయనీ లేదు. వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు నిద్రపోనివ్వండి. సన్మానాలు, శాలువాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల సభ ఏవీ ఒప్పుకోవద్దు. ఆమెను అడగకుండా ఎవరికీ మాట ఇవ్వకండి. కొండకు పోదామంటే పోండి, ఇంట్లోనే ఉంటానంటే ఉండనివ్వండి.

స్కూలు వాళ్లు పిలిచారన్నారు. తప్పకుండా వెళ్లండి. మీ గర్వమంతా పట్టే చోటు అదే. స్టార్లు పెట్టిన రోజు దాకా జరిగిన కథ అక్కడ కూర్చున్న పిల్లలకు చాలా అవసరం. సైన్యంలో ఆఫీసరు కావాలంటే ఏం చేయాలో మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ఆర్మీ అంటే పరుగు పందెం రిక్రూట్‌మెంట్ ఒక్కటే అనుకుంటారు. ఇంటర్ చదువుతూనే, ఆఫీసరు శిక్షణకు చేర్చుకునే ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చని చెప్పండి. ఆర్మీకైతే ఇంటర్‌లో ఏ గ్రూపయినా పర్వాలేదని, వైమానిక, నౌకాదళాలకు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలని చెప్పండి. డిగ్రీ వాళ్లకు సీడీఎస్ అనే రాత పరీక్ష ఉంది, ఓటీఏకి మాత్రమే రాసేవాళ్లకు అందులో మ్యాథ్స్ పేపర్ ఉండదు. మీ అమ్మాయిలాగా ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ కనీసం 'బి' గ్రేడుతో తెచ్చుకుని, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలిచే దారి కూడా ఉంది. వయసు హద్దులు దేనికదే వేరు, నోటిఫికేషన్ చూసుకోమనండి. చిన్న పిల్లల తల్లిదండ్రులు వస్తే కలికిరిలో సైనిక్ స్కూల్ ఉందని, ఆరో తరగతి నుంచే చేర్చుకుంటారని చెప్పండి.

ఆడపిల్లల వైపు తిరిగి ప్రత్యేకంగా చెప్పండి. ఓటీఏలో మహిళల శిక్షణ 1992లో మొదలైంది. ఎన్‌డీఏ తలుపులు తెరుచుకున్నది మాత్రం 2022లో. అక్కడ చదివిన మొదటి 17 మంది అమ్మాయిలు 2025 మే 30న పరేడ్ చేసి బయటికి వచ్చారు. ఆ వరసలో మన వైపు పిల్ల ఒకతి ఉండాలంటే వాళ్ల నాన్నలు కూడా చీకటితో లేచి బండి తీయాల్సి ఉంటుంది. ఆ మాట మీరు చెప్తేనే వాళ్లు వింటారు.

ఏం మాట్లాడబోతున్నారో ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి. ఆమె ఈసారి ఫోన్ చేసినప్పుడు అది చదివి వినిపించి, "ఇందులో ఏమైనా తీసేయాల్నా తల్లీ?" అని అడగండి. తీసేయమన్నవి మారు మాట్లాడకుండా కొట్టేయండి. చేర్చమని ఆమె చెప్పేవి కూడా కొన్ని ఉంటాయి, పెన్ను దగ్గర పెట్టుకోండి.